తూర్పు మొహం లారీ

తెనాలిలో సాయంత్రం నాలుగూ ఇరవైకి రేపల్లె బండి. బయలుదేరే ముందు ఇంటికి తాళం వేసి, చెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఇచ్చి వెళ్ళడానికి ఇంట్లో ఎవరూ లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. డెబ్బైల మొదట్లో మాట ఇది. డీజిల్ లారీల మెకానిక్కునని నాకు నాలుగూళ్ళలో పేరు, నలభై ఆరేళ్ళ వయసు, తోడుగా పానాల సంచి.

ప్రయాణానికి కారణం రేపల్లె నాంచారయ్య. తెల్లారేసరికి చేపల గంపలు సొంత లారీలో బాపట్ల చేర్చి మద్రాసు బండికి ఎక్కించడం అతని పని. కార్తీకం నుంచీ ఆ లారీ తెల్లవారుజామున లేవనంటోంది. ఆ వారంలోనే మూడుసార్లు బండి తప్పి చేపలు పాడయ్యాయి. ఇంకొక్కసారి తప్పితే కిరాయి వేరేవాళ్ళకి ఇస్తానని బాపట్ల వ్యాపారి కబురు పెట్టాడు. ముందురోజు మధ్యాహ్నం నాంచారయ్య లారీని మా షెడ్డుకి తెస్తే, సెల్ఫ్ కొట్టగానే లేచి కూర్చుంది. దాన్ని పడుకునే చోట చూడాలి తప్ప ఇక్కడ లాభం లేదని, మర్నాడు వస్తానని మాటిచ్చాను.

మీరెప్పుడైనా సాయంత్రం బండికి వెళితే ఎడమ పక్క కూర్చోండి, మొహాన ఎండ పడదు. జంపనిలో తోటకూర గంపతో ఒక ముసలమ్మ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. సంచిలో ఏంటని అడిగింది. అడిగినవాళ్ళని ఉత్తచేతులతో పంపే అలవాటు నాకు లేదు. సంగం జాగర్లమూడిలో ఒక లారీ చలికి బిగుసుకుపోతే మిరియాల కషాయం పోశాననీ, అది ఒక్క తుమ్ము తుమ్మేసరికి కాలవలో బాతులు రెండు ఎగిరి అమృతలూరులో పడ్డాయనీ చెప్పాను.

ఆవిడ నవ్వలేదు. "ఏ రంగువి నాయనా? మావి రెండు కనపడట్లేదు" అంది.

మెళ్ళో మఫ్లరు ఎవరల్లారని కూడా అడిగింది. మా ఆవిడ అన్నాను. బండెక్కితే నాకొక భార్య వస్తుంది. ఈసారి ఆవిడది అమృతలూరు. భట్టిప్రోలులో ముసలమ్మ దిగిపోయాక పెట్టెలో నేనొక్కణ్ణే మిగిలాను. అల్లిన మనిషి గురించి వినేవాళ్ళు లేకపోతే మఫ్లరు బజార్లో కొన్నదేనని గుర్తొస్తుంది.

ఆరు కావస్తుండగా రేపల్లె. నాంచారయ్య స్టేషనుకి వచ్చాడు. కాలవ గట్టు కింద కొత్తగా వేసుకున్న ఇల్లు, కార్తీకంలోనే అందులోకి మారారట. అతని భార్య ఆదిలక్ష్మి చేపల పులుసుతో అన్నం పెట్టింది. బాతుల కథకి ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంట్లో మా వదిన కూడా పులుసు తింటుందా అని ఆవిడ అడిగితే, తింటుందమ్మా, కారం మాత్రం తగ్గించాలి అన్నాను. అలా వచ్చేసింది నోటికి. వసారాలో నులకమంచం వేశారు. లోపల వాళ్ళిద్దరూ లారీ గురించి గుసగుసలాడుకుంటుంటే వింటూ నిద్రపోయాను.

నాలుగున్నరకి లేచేసరికి గంపలు ఎక్కించేశారు. నాంచారయ్య ఇంజను కింద కుంపటి పెట్టి, గుడ్డలు వెలిగించడానికి సిద్ధంగా ఉన్నాడు. అవన్నీ ఆపి సెల్ఫ్ కొట్టమన్నాను. ఇంజను బాగానే తిరిగింది గాని అంటుకోలేదు. వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను.

"పొగ ఏమన్నా వస్తోందా ఎప్పుడైనా?"

"లేదండి, చుక్క పొగ కూడా రాదండి."

చలికి లేవని ఇంజను తెల్లపొగైనా కక్కుతుంది. పొగే లేదంటే లోపలికి డీజిల్ అందడం లేదు. ఫిల్టరు మీద మర వదులు చేసి చేతిపంపు కొడితే నురగ వచ్చింది. లైనంతా గాలి. లాంతరు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేసి లారీని చూశాను. ముందు చక్రాలు గట్టు మీద, వెనక చక్రాలు కింద. ఎందుకిలా పెట్టావని అడిగితే నాంచారయ్య భార్య వైపు చూశాడు. లారీ మొహం తూర్పుకే ఉండాలనీ, బానెట్టుకి బొట్టు పెట్టాకే కదలాలనీ ఆవిడ పట్టింపు. ఈ ఇంటికి తూర్పున గట్టుంది. మూతి పైకి, ట్యాంకు కిందికి. ఫిల్టరు దగ్గర రాగి వాషరు గట్టిపడి గాలి పీలుస్తోంది, రాత్రంతా డీజిల్ వెనక్కి దిగిపోతోంది. ఇల్లు మారిందీ చలి మొదలైందీ ఒకేసారి కావడంతో అందరూ చలినే తిట్టారు.

కొత్త వాషరు సంచిలో లేదు. పాతదాన్ని కుంపట్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో వేశాను. రాగి అలా చేస్తే మెత్తబడుతుంది. వారాల తరబడి ఇంజను కింద పెట్టిన నిప్పుకి ఆ రోజు రూపాయి బిళ్ళంత పని దొరికింది. వాషరు బిగించి, నురగ పోయి డీజిల్ తేటగా వచ్చేదాకా పంపు కొట్టాను. అయిదూ నలభైకి లారీ లేచింది.

ఆదిలక్ష్మి బొట్టు గిన్నె పట్టుకుని బెరుగ్గా నిలబడింది. "మొహం తిప్పెయ్యాలా అన్నయ్యగారూ?"

"అక్కర్లేదమ్మా. తూర్పుకే పెట్టించు, కాని చదునులో."

చదునంతా ఆవిడ చేపలు ఎండబెట్టే చోటు. "అయితే ఇకమీదట నా ఎండుచేపలే గట్టెక్కుతాయి" అని బొట్టు పెట్టింది.

నేనూ లారీ ఎక్కాను. ఏడుంబావుకి బాపట్ల. మద్రాసు బండి వచ్చేలోపు గంపలన్నీ ప్లాట్‌ఫారం మీదున్నాయి. వ్యాపారి వాటిని చూసి, రేపటికి రమ్మని చెయ్యి ఊపాడు. నాంచారయ్య స్టేషను బయట పంపు కింద తల పెట్టి చాలాసేపు ఉండిపోయాడు.

తెనాలి బండి తొమ్మిదింటికి. ఇడ్లీ తిని ఎక్కి కూర్చున్నాక అతను లారీలో ఇంజను పక్కన వెచ్చగా పెట్టి తెచ్చిన రెండు గిన్నెల కారియర్ కిటికీలోంచి అందించాడు. పైది నాకు, కిందది కారం తగ్గించి వదినకి. ఈసారి ఖాళీ కారియర్ వదినే తిరిగి తెచ్చివ్వాలని ఆదిలక్ష్మి మాటట.

"నాంచారయ్యా, నాకు పెళ్ళి కాలేదయ్యా. అదంతా ఉత్తుత్తిదే" అన్నాను.

అతను పగలబడి నవ్వాడు. "బాతుల్లాగేనాండి? ఇంట్లో మనిషిని పట్టుకుని అలా అనకూడదండి, మేస్త్రిగారూ." బండి కదిలింది.

నిడుబ్రోలు దాటాక పై గిన్నె తిన్నాను. పులుసు బాగా కుదిరింది. మళ్ళీ వెళ్ళినా రేపల్లెలో దిగి వాళ్ళింటి అన్నమే తింటాను; ఆ దారిలో అంతకంటే మంచి భోజనం నాకెక్కడా దొరకలేదు. ఎదుటి సీట్లో ఒక ఉద్యోగస్థుడు కింది గిన్నె ఎవరికండీ అని అడిగాడు. చెప్పడానికి నోట్లో కథలు చాలానే ఉన్నాయి. ఇంటికేనండి, అన్నాను అంతే.

పదిన్నర దాటాక తెనాలిలో దిగాను. మొలతాడు తడిమి తాళంచెవి ఉందో లేదో చూసుకున్నాను. కింది గిన్నె మూత తియ్యలేదు. చేతికి ఇంకా వెచ్చగానే ఉంది.