అన్న ఆగిన చోటు

ఆదివారం పొద్దున వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయినాడప్పా" అని, ఇంకేమీ చెప్పలేక ఫోన్ పక్కవాళ్లకిచ్చేసింది. మా రాక్ బ్యాండుకు డ్రమ్స్ వాయించిన అన్న ఇక లేడు.

బుక్కరాయసముద్రంలో ఆయనకు ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉండేది. ఆదివారాలు చర్చిలో వాయించేవాడు. సాయంత్రాలు చేతులకంటిన గ్రీజు కడుక్కుని మాతో ప్రాక్టీసుకు కూర్చునేవాడు. వాయిస్తున్నంతసేపూ కళ్లు మా ముఖాల మీదే. పాట కాస్త పరుగెత్తినా తిట్టేవాడు కాదు. "తొందర వేరే, ఊపు వేరే. ఊపొస్తే పోనీయండప్పా" అనేవాడు.

కొన్నేళ్ల కిందట, వాన కోసం చూసే చేను గురించి మేమే ఒక పాట కట్టుకుని, రికార్డు చేయించడానికి అనంతపురంలో ఒక స్టూడియోకు వెళ్లాం. మొదటిసారి డ్రమ్స్ మీద అన్న, గిటార్ వాయిస్తూ పాడే నేను, బేస్ వాయించే మిత్రుడు, ముగ్గురం కలిసి వాయించాం. వేగం ఒకచోట తగ్గింది, ఒకచోట పెరిగింది, పనికిరాదన్నాడు స్టూడియో అతను. అన్న చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి క్లిక్ పెట్టాడు. గడియారంలా టిక్కు టిక్కుమనే ఆ చప్పుడుకు కట్టుబడి వాయించాలి. కళ్లు నేలకు దించి, దవడ బిగించి, అన్న మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. ప్రతిసారీ ఎక్కడో తప్పింది.

నాకు విసుగొచ్చింది. అందరి ముందూ అనేశాను. "ఇన్నేండ్లు కొట్టినావు, తాళం నిలపడం రాదా అన్నా?"

అన్న స్టిక్స్ ఒళ్లో పెట్టుకున్నాడు. "మీ ముఖాలు చూసి కొట్టేవాన్నప్పా. దీనికి ముఖం యాడుండాది?" అన్నాడు మెల్లగా.

చివరికి స్టూడియో అతను ఆ మొదటి రికార్డునే కంప్యూటర్లో ముక్కలు చేసి, ప్రతి దెబ్బనూ జరిపి వరసలో నిలబెట్టాడు. అన్న చివరిదాకా విన్నాడు. "బాగుండాది. ఎవరు కొట్టినారు?" అని అడిగాడు. జోకనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

రెండు నెలల కిందట పక్షవాతం వచ్చి అన్న మంచం పట్టాడని తెలిసింది. స్టూడియోలో వెతికించి, ఏమీ జరపకముందటి ఆ రికార్డును ఫోన్లో వేసుకుని వెళ్లాను. పాట వినిపిస్తుంటే రెండో చరణం దగ్గర అన్న కుడిచెయ్యి ఎత్తాడు. మాట ముద్దగా వచ్చింది.

"ఈడ... నీ వేళ్లు అందలేదు. నీకోసం ఆగినా."

వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. వేళ్లు ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు మారేచోట నా గిటార్ తడబడింది. డ్రమ్స్ అరక్షణం నిదానించి, నన్ను కలుపుకుని ముందుకు పోయాయి. ఇన్నేళ్లూ ఆ తప్పు ఆయనదనుకున్నాను.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్పింటే నీకు బెదురు పట్టుకునేది. మళ్ల పాడలేకపోదువు."

క్షమించమని అడగబోయాను. అంతలోనే అన్న, "ఇంగోసారి పెట్టు" అన్నాడు.

పెట్టాను. వదిన పొయ్యి దగ్గర్నుంచి వచ్చి తలుపు పక్కన నిలబడింది. అన్న ఎడమచెయ్యి దుప్పటి మీద కదలకుండా పడి ఉంది. కుడిచేతి చూపుడువేలు మంచం పట్టె మీద కొడుతోంది. పాట అయిపోయింది. ఫోన్ తెర ఆరిపోయింది. ఆ వేలు మాత్రం ఇంకా కాసేపు కొడుతూనే ఉంది.