ఎగువ మాట్లాడుతున్నా

ఆఫీసులో ఆవిడను అందరూ సిగ్నల్ మేడమ్ అనేవారు. ఎదురుగా మర్యాదకు, వెనకాల సరదాకు. సెల్‌ఫోన్ కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా ఉద్యోగం. మూడో అంతస్తులో కిటికీ లేని గది, గోడ పొడుగునా తెరలు, వాటి నిండా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో టవరు. ఏ టవరు కింద ఎన్ని ఫోన్లు మాట్లాడుతున్నాయి, ఎన్ని కాల్స్ మధ్యలో తెగిపోయాయి, ఎంత డేటా పారుతోంది, అన్నీ అంకెల్లో కనిపిస్తాయి. ఎవరు మాట్లాడుతున్నారో, ఏం మాట్లాడుతున్నారో మాత్రం తెలియదు. తెలుసుకోకూడదు కూడా.

ఊళ్లకు ఊళ్ల మాటలు ఆవిడ కళ్ల ముందు నుంచి పోయేవి. ఆవిడ సొంత ఫోను మోగడమే అరుదు. పెళ్లి చేసుకోలేదు. తల్లి మంచాన పడ్డ పదకొండేళ్లూ ఆ తల్లే లోకం. తల్లి పోయి మూడేళ్లయింది. అన్నయ్య నెలకోసారి ఫోన్ చేసి "ఒంట్లో ఎలా ఉంది?" అనేవాడు. "బాగానే ఉంది" అనేది. "వదిన అడిగానని చెప్పమంది" అనేవాడు. అక్కడితో సరి. నిమిషం పది సెకన్లు. ఎంతసేపు మాట్లాడిందో చూసుకోవడం ఉద్యోగం అంటించిన పాడు అలవాటు.

ఆ ఏడు కంపెనీవాళ్లు పాత నెట్‌వర్క్ ఆపేయాలని నిర్ణయించారు. మొదటి రోజుల నాటి రేడియో పెట్టెలు టవర్ల మీద ఇంకా నడుస్తున్నాయి. పాత కీప్యాడ్ ఫోన్లున్న ఏ కొద్దిమందో తప్ప వాటిని వాడేవాళ్లు లేరు. నలభై ఒక్క టవర్ల జాబితా ఆవిడకిచ్చి, ఎక్కడెక్కడ ఎవరికి ఇబ్బందో చూసి నెలాఖరుకల్లా ఆపేయమన్నారు.

నూటపదిహేడో నంబరు టవరు దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. ఎక్కడో జలాశయం పక్కన గుట్ట మీది టవరు. అక్కడి పాత పెట్టెలో రోజంతా సున్నాలే. సాయంత్రం నాలుగు గంటలకు మాత్రం ఒక్క కాల్. ఇరవై నిమిషాలు, ఒక్కోసారి ఇరవై రెండు. మళ్లీ మర్నాడు నాలుగు దాకా ఉలుకూ పలుకూ ఉండదు. పాత రికార్డులు తీసి చూస్తే ఏడాదిన్నరగా అదే వరస. ఆదివారం లేదు, సెలవు లేదు.

మొదట్లో పనికోసమే చూసింది. తర్వాత తనకు తెలియకుండానే టీ కప్పు నాలుగింటికి తెచ్చుకోవడం మొదలుపెట్టింది. సున్నా ఒకటిగా మారేది. ఆవిడ మొదటి గుక్క తాగేది. వాన పడ్డ రోజు ఆ కాల్ నాణ్యత పడిపోతే "గట్టిగా మాట్లాడండి, వాళ్లకు వినబడటం లేదేమో" అని గొణుక్కునేది. పక్క సీటువాళ్లు ఎవరితోనని అడిగితే సిగ్గుపడి తెర మార్చేసేది.

ఒక సోమవారం నాలుగు దాటింది. సున్నా సున్నాగానే ఉంది. నాలుగున్నర దాకా చూసింది. టీ చల్లారిపోయింది. మంగళవారమూ అంతే. బుధవారం టవరులో లోపమేమోనని పెట్టెను ఆపి మళ్లీ నడిపించి చూసింది. పెట్టె నిక్షేపంలా ఉంది. ఇక మనసు ఊరుకోలేదు. టవర్లెక్కి రిపేర్లు చేసే టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది.

"నూటపదిహేడు దగ్గరికి రేపు నేనూ వస్తాను. అక్కడ పాత ఫోను వాడేవాళ్లెవరో ఉన్నారు, చూడాలి."

"ఒక్క ఫోను కోసం మీరెందుకు మేడమ్? దారంతా గుంతలే, నడుం విరుగుతుంది."

"విరిగితే విరగనీ. ఇన్నేళ్లూ కుర్చీలో కూర్చుని ఏం బాగుపడింది గనక" అందావిడ.

మర్నాడు మధ్యాహ్నానికి జీపు గుట్ట కిందికి చేరింది. జలాశయం గట్టున ఎనిమిది క్వార్టర్లు వరసగా ఉన్నాయి. ఏడింటికి తలుపుల్లేవు. ఎనిమిదో దాని ముందు తాడు మీద ఒక లుంగీ, ఒక తువ్వాలు ఆరుతున్నాయి. అరవై ఐదేళ్ల మనిషి బయటికొచ్చి కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. బక్కపలచగా ఉన్నా ఆరోగ్యంగానే కనిపించాడు. ఆవిడ గుండె కుదుటపడింది.

"రోజూ నాలుగింటికి మీరేనాండీ ఫోన్ చేసేది?"

ఆయన బిత్తరపోయాడు. "ఏమ్మా, తప్పా?"

"అయ్యో, తప్పేం కాదు. మూడు రోజులుగా చేయడం లేదని వచ్చాను."

ఆయన అరుగు దులిపి కూర్చోమన్నాడు. ఆ క్వార్టర్‌కు పని మీద తప్ప మనిషి వచ్చి రెండేళ్లయిందట. లోపలికి పోయి కీప్యాడ్ ఫోను తెచ్చి చూపించాడు. బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత ఊడొచ్చింది. రబ్బరు బ్యాండు వేశాడు గానీ ప్రాణం రాలేదు. బజారుకు పోవాలంటే బస్సెక్కడానికి ఐదు మైళ్లు నడవాలి. మోకాళ్లు మొరాయిస్తున్నాయి.

టెక్నీషియన్ టవరెక్కుతుంటే, ఆయన అరుగు మీద కూర్చుని తన కథ చెప్పాడు. ముప్పై ఏళ్లపాటు జలాశయంలో నీటిమట్టం చూడటమే ఆయన ఉద్యోగం. సాయంత్రం నాలుగింటికి గోడ మీది కొలబద్ద చూసి, నది కింద ముప్పై మైళ్ల దూరంలో ఉన్న ఆనకట్ట మనిషికి ఫోన్‌లో చెప్పాలి. ఆ మనిషి రాసుకుని అక్కడి గేట్లు ఎంత ఎత్తాలో చూసుకుంటాడు. ఈయన "ఎగువ మాట్లాడుతున్నా" అనేవాడు. ఆయన "దిగువ వింటున్నా, చెప్పు" అనేవాడు. పేర్లు మరుగునపడి అవే పేర్లయిపోయాయి. ముప్పై ఏళ్లలో ఇద్దరూ ఎదురుపడింది రెండుసార్లే.

తర్వాత గోడకు ఒక పెట్టె బిగించారు. అది పావుగంటకోసారి మట్టం కొలిచి, ఇదే టవరు ద్వారా తనంతట తనే పెద్దాఫీసుకు పంపిస్తుంది. మనుషులు వెళ్లిపోయారు. ఈయన్ను మాత్రం కాపలాకు ఉండమన్నారు. దిగువాయన రిటైరై కూతురింట్లో ఉన్నాడు. ఏడాదిన్నర కిందట మతిమరుపు మొదలైంది.

"అన్నం తిన్నాడో లేదో గుర్తుండదటమ్మా. నాలుగయిందంటే మాత్రం పుస్తకం, పెన్ను పట్టుకుని ఫోను ముందు కూర్చుంటాడట. ఎగువ నుంచి కబురు రాలేదేమని కూతుర్ని పీక్కుతింటుంటే ఆ పిల్ల నాకు ఫోన్ చేసి ఏడ్చింది. అప్పట్నుంచీ మళ్లీ చెప్తున్నాను. ఈ మూడు రోజులూ వాడేం చేశాడో ఏమో."

టైము నాలుగుకు రెండు నిమిషాలు తక్కువ. పాత పెట్టెను పరీక్షించడానికని పాత నెట్‌వర్క్ మీదే పెట్టుకొచ్చిన తన ఫోను తీసి ఆవిడ ఆయన చేతికిచ్చింది. నంబరు ఆయనకు కంఠతా వచ్చు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి ఒక ఆడగొంతు విసుగ్గా పలికింది.

"ఎవరండీ? కొత్త నంబర్ల నుంచి వస్తే నాన్నగారికి ఫోను ఇవ్వం."

"నేనమ్మా, ఎగువ..."

"బాబాయ్! మీరా! ఏమైపోయారు? మూడు రోజులుగా ఆ కుర్చీలోంచి లేవరే! ఉండండి, ఇస్తున్నా."

ఆయన గొంతు సవరించుకుని, గోడకు తగిలించిన నోటుబుక్కు తీశాడు. చెప్పడానికి ఫోను లేకపోయినా మూడు రోజుల మట్టాలూ తప్పకుండా రాసి పెట్టాడు. సోమవారం మూడు వందల పన్నెండు అడుగుల నాలుగంగుళాలు. మంగళవారం మూడంగుళాలు. ఒక్కొక్కటీ చెప్పి, అవతలాయన తిరిగి చదివేదాకా ఆగి, అప్పుడు తర్వాతది చెప్పాడు.

ఫోను తిరిగిచ్చాక ఆవిడ అసలు సంగతి బయటపెట్టింది. నెలాఖరుకు పాత నెట్‌వర్క్ ఆగిపోతుందనీ, బ్యాటరీ మార్చినా ఈ ఫోను పనిచేయదనీ చెప్పింది. మెసేజ్‌లు పంపామంది.

"కంపెనీ మెసేజ్‌లు చదివేవాడెవడమ్మా" అని నవ్వాడాయన. నవ్వు నిలవలేదు. "అసలు మాట ఎలా పోతుందమ్మా? ముప్పై ఏళ్లు చెప్పాను గానీ ఒక్కనాడూ అడగలేదు."

ఆవిడనూ ఎవరూ ఈ మాట అడిగి చాలా ఏళ్లయింది. ఓపిగ్గా చెప్పింది. ఫోను మన మాటను సెకనుకు యాభై ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కనూ అంకెలుగా మార్చి గాలిలోకి వదులుతుంది. టవరు వాటిని పట్టి, అదిగో ఆ గుండ్రటి డిష్షుతో దూరపు గుట్టకు అందిస్తుంది. అక్కణ్ణుంచి భూమిలో కేబుల్ గుండా ఎక్స్చేంజికి. అవతలి ఫోను ఏ టవరు నీడన ఉందో ఎక్స్చేంజికి తెలుసు. ముక్కలు అక్కడికెళ్లి మళ్లీ మాటవుతాయి. పాత పద్ధతిలో మాట్లాడినంతసేపూ మీకంటూ ఒక చోటు కేటాయించేవాళ్లు. కొత్త పద్ధతిలో మీ ముక్కలు అందరి ముక్కలతో, వీడియోలతో, మెసేజ్‌లతో, ఆ గోడ పెట్టె పంపే అంకెలతో కలిసి ఒకే దారిలో పోతాయి. ప్రతిదాని మీదా చిరునామా, వరస నంబరు ఉంటాయి కాబట్టి కలగాపులగం కావు.

"వాడెక్కడున్నాడో ఎక్స్చేంజికి ఎలా తెలుస్తుంది?"

"ఫోనే చెప్తుందండీ. మనం మాట్లాడకపోయినా అప్పుడప్పుడూ ఇక్కడున్నానని తనే కబురు పంపుతుంటుంది."

"ఎవరూ అడక్కపోయినా?"

"ఎవరూ అడక్కపోయినా."

ఆయన తలూపాడు. "మరి దారిలో ఒక ముక్క పోతే?"

"ముందు ముక్కను బట్టి ఊహించి, అవతలి ఫోనే పూడ్చేస్తుంది."

"అమ్మో, అయితే నేను అననిదీ వాడికి వినబడుతుందన్నమాట. మట్టం అంకెలు మాత్రం ఊహించకుండా ఉంటే చాలు తల్లీ!"

ఆవిడ పకపకా నవ్వింది. టవరు మీంచి టెక్నీషియన్ వంగి చూశాడు. మేడమ్ నవ్వడం అతను ఎన్నడూ వినలేదు.

పాత ఫోన్లున్న వాళ్లకు కంపెనీ కొత్తవి ఇస్తోంది. టెక్నీషియన్ చేత పంపితే సరిపోయేదే. వారం తిరక్కుండా ఆవిడే తీసుకెళ్లింది. చూడటానికి పాతదాని లాంటిదే, మీటలున్న ఫోను. సరిగ్గా నాలుగింటికి ఆయన మీటలు నొక్కాడు.

"ఎగువ మాట్లాడుతున్నా."

"ఎవరు మీరు?" అవతలి గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది.

"నేనే, ఎగువ."

"ఎగువ గొంతు నాకు తెలియదా? ముప్పై ఏళ్లు విన్నాను. ఎవరయ్యా నువ్వు, ఆయన పేరు చెప్పుకుని మోసం చేస్తున్నావు?" ఫోను పెట్టేశాడు.

ఆయన ఫోను చెవి మీంచి దించాడు. "నన్ను మరిచిపోయాడమ్మా. అయిపోయింది" అని అరుగు మీద కూలబడ్డాడు.

ఆవిడ ఫోను అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అంతలో తట్టింది. పాత నెట్‌వర్క్ మనిషి గొంతును ఉన్నదున్నట్టు మోయదు. అడుగునుండే గంభీరాన్నీ పైనుండే సన్నటి చప్పుళ్లనూ కోసేసి నడిమి భాగాన్నే పంపుతుంది. అవతల దిగువాయన దగ్గర కొత్త ఫోనే ఉంది. ఇన్నాళ్లూ ఈయనది పాతది, మొన్న తను ఇచ్చిందీ పాత నెట్‌వర్క్ మీదే ఉంది కాబట్టి ఆ కోసిన గొంతే వెళ్లేది. ఇప్పుడు రెండు వైపులా కొత్తవి. మొదటిసారి ఈయన గొంతు నిండుగా వెళ్లింది. దిగువాయనకు తెలిసిన స్నేహితుడు ఆ కోసిన గొంతువాడు.

"మరిచిపోలేదండీ. బాగా గుర్తుండబట్టే పెట్టేశారు" అంది. తాడు మీది తువ్వాలు లాగి రెండు మడతలు వేసి ఫోనుకు చుట్టింది. "ఇప్పుడు చెయ్యండి."

"ఎగువ మాట్లాడుతున్నా."

అవతల చప్పుడు లేదు. 

"దిగువ వింటున్నా, చెప్పు. ఎక్కడికి పోయావయ్యా? ఇప్పుడే ఎవడో నీ పేరు చెప్పి ఫోన్ చేశాడు. చీవాట్లు పెట్టి పెట్టేశాను."

ఎగువాయన కళ్లు తుడుచుకున్నాడు. "మంచి పని చేశావు. రాసుకో."

వాళ్లను మాట్లాడుకోనిచ్చి ఆవిడ గట్టు మీదికి నడిచింది. నీళ్లు కదలకుండా ఉన్నాయి. ఏడు క్వార్టర్ల తలుపుల్లేని గుమ్మాలు వరసగా ఆవిడవైపు చూస్తున్నట్టున్నాయి. తన గొంతు ఇలాగే ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఎవరున్నారా అని ఆలోచించింది. తల్లికి చివరి రోజుల్లో వినికిడి లేదు. చెయ్యి తాకితే పోల్చుకునేది. మొన్న జలుబు చేసి గొంతు పూర్తిగా మారిపోయినప్పుడు అన్నయ్య ఫోన్ చేశాడు, గమనించలేదు. నిమిషం ఎనిమిది సెకన్లు.

నెలాఖరున నూటపదిహేడులో పాత పెట్టెను ఆపే ఆజ్ఞ ఆవిడే ఇచ్చింది. ఒక మీట నొక్కడమే. ఆ వరస తెర మీంచి మాయమైంది. కొత్త నెట్‌వర్క్‌లో ఆ టవరు కింద గొర్రెల కాపర్లు, లారీ డ్రైవర్లు, అందరి కాల్సూ కలిసి ఉంటాయి. నాలుగింటికి పద్నాలుగు కాల్సున్నాయనుకుంటే అందులో ఆయనది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆవిడ కొన్నాళ్లు చూసింది. టీ తెచ్చుకోవడం మూడున్నరకు మార్చుకుంది.

రెండు నెలలు గడిచాయి. ఆయన నంబరు ఆవిడ దగ్గరుంది. చేయవచ్చు. చేసి ఏం మాట్లాడాలో తెలియదు. ఒకరోజు ఉండబట్టలేక, నాలుగూ పదికి, ఆఫీసు మెట్ల మీద కూర్చుని చేసింది. "మీరు కాల్ చేసిన వ్యక్తి వేరొకరితో మాట్లాడుతున్నారు" అని రికార్డు చేసిన గొంతు చెప్పింది. ఆవిడకు కావలసింది ఆ మాటే. చివరిదాకా విని పెట్టేసింది.

నాలుగున్నరకు ఫోను మోగింది. ఆవిడ ఉలిక్కిపడింది.

"ఏమ్మా, చేశారా? అప్పుడు దిగువతో మాట్లాడుతున్నా."

"ఆఁ... ఏం లేదండీ. సిగ్నల్ ఎలా వస్తోందో చూద్దామని. టెస్టింగ్."

"బ్రహ్మాండంగా వస్తోంది. తువ్వాలు తీసి కూడా చూశానమ్మా, వాడు ఇంకా పోల్చుకోవడం లేదు. పర్లేదు, అదే చుట్టుకుంటున్నా." అవతల నోటుబుక్కు మూసిన చప్పుడైంది. "టెస్టింగ్ అయిపోయినట్టేనా మరి?"

ఆవిడ ఇంకేదో అనబోయింది. మెట్ల కింద ఎవరో తలుపు తీసుకుని వచ్చారు. లేచి దారిచ్చింది.

"అయిపోయిందండీ."

"ఉంటానమ్మా అయితే. చల్లగా ఉండండి."

కాల్ నలభై ఒక్క సెకన్లు సాగింది. ఆవిడ మెట్లెక్కి గదిలోకి వెళ్లి, కంపెనీ కొత్తగా ఇచ్చిన జాబితాలో తర్వాతి టవరు తెరిచింది. దాని పాత పెట్టెలో రోజంతా సున్నాలే ఉన్నాయి. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా ఒక్కో గంటా వేలితో చూసుకుంటూ వెళ్లింది. ఎక్కడా ఎవరూ లేరు. ఆపేసింది.