చెయ్యి కుదిరేదాక ఫిలిం తియ్యం

కొత్త కారు లారీ ఎక్కి ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని బానెట్ మీద, టాపు మీద, డిక్కీ మీద తెల్లటి ఫిలిం అతికించి ఉంటుంది. దారిలో దుమ్ము, చెట్ల కొమ్మలు, కాకులు రంగును పాడుచేయకుండా. షోరూంలో ఆ ఫిలిం లాగేసి, కారు కడిగి, రిబ్బను కట్టి మన చేతికిస్తారు. అందరి కార్లకూ జరిగేది ఇదే. కరీంనగర్‌లో మా ఆయన మాత్రం ఫిలిం లాగబోతున్న మనిషి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యుండ్రి," అన్నాడు.

"తియ్యాలె సార్. ఎండకు అంటుకపోతది. మళ్ళ రమ్మన్నా రాదు," అన్నాడు షోరూం మనిషి.

"మేం తీస్కుంటం. మీకెందుకు ఫికరు?"

కారు చేతికి రాగానే తీసేయాలని ఆ ఫిలిం మీదే ఇంగ్లీషులో రాసి ఉంది. మా ఆయన అది మొత్తం చదివాడు. చదివి, పురుగుమందు డబ్బాల మీద కూడా కంపెనీవాళ్ళు చాలా రాస్తారు అన్నాడు. ఆయనది ఎరువుల దుకాణం. అక్కడి క్యాలిక్యులేటర్ ఇప్పటికీ కొన్ననాటి కవర్లోనే ఉంది. కవరు మసకబారి అంకెలు కనబడవు గాని, ఏ అంకె ఎక్కడుందో ఆయన వేళ్ళకు తెలుసు. కారుతోపాటు తాళంచెవులు రెండిచ్చారు. ఒకటి మా ఇంట్లో మేకుకు వేలాడింది. రెండోది సీలు తియ్యని కవర్లోనే దుకాణం గల్లాలోకి పోయింది.

కారు కొన్నది నా కోసం. నేను సర్కారు బడిలో టీచర్ని. ప్రమోషన్ ఇచ్చి జైనూర్ మండలంలో ఒక ఊరికి వేశారు. ఉట్నూర్‌లో గది అద్దెకు తీసుకుని వారమంతా అక్కడుండి, శనివారం సాయంత్రం కరీంనగర్ వచ్చేదాన్ని. ఉట్నూర్ నుంచి బడికి జీపే దిక్కు. ఆ జీపు నిండితే గాని కదలదు. నిండటమంటే ముందు మనుషులు నిండాలి, తర్వాత మూటలు, తర్వాత కోళ్ళు, ఆఖరుకు డ్రైవరు సగం బయట కూర్చోవాలి. ఎంత పొద్దున లేచినా నేను బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయేది. వరుసలో లోపలికి పోతున్న పిల్లలు గేటులో అడుగుపెడుతున్న నాకు నమస్తే పెట్టేవాళ్ళు. ఇక ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నేనేం అంటాను. సిగ్గుతో రిజిస్టర్‌లో తల దూర్చేదాన్ని. అందుకే డ్రైవింగ్ నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, నా పేరు మీద కారు తీసుకున్నాను.

ముందు వేములవాడ తీసుకుపోయి పూజ చేయించాం. మా అత్తమ్మ మొక్కు అది. పంతులుగారు పసుపు కుంకుమలు కలుపుకుని బానెట్ దగ్గరికి వచ్చి ఆగిపోయారు.

"ఇది తియ్యలేదా?"

"తర్వాత తీస్తం పంతులుగారు. మీరు కానియ్యుండ్రి."

ఆయన ఒక క్షణం ఆలోచించి ఫిలిం మీదే స్వస్తిక్ గీశారు, బొట్టు పెట్టారు. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి, కొబ్బరికాయ పగిలింది. శాస్త్రం ప్రకారం అంతా జరిగింది. దేనికి జరిగిందన్న అనుమానం అప్పటికి ఎవరికీ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేను నడుపుతానన్నాను. మా ఆయన స్టీరింగ్ వదల్లేదు. ఆయనకు డ్రైవింగ్ వచ్చు, అంటే ముందుకు వచ్చు. వెనక్కి తియ్యాలంటే ఎవరో ఒకరు దిగి, వెనుక నిలబడి కేకలు వెయ్యాలి. ఆయన రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా చెప్పాడు:

"నీ చెయ్యి కుదిరేదాక ఫిలిం తియ్యం. గీతలు పడ్డా ఫిలిం మీదనే పడ్తయ్."

అప్పుడు అర్థమైంది. ఆ ఫిలిం కాకుల కోసం కాదు, కొమ్మల కోసం కాదు, నా కోసం. నాకు మండింది. వెనక సీట్లో కొబ్బరి చిప్పలు ఒడిలో పెట్టుకుని అత్తమ్మ కూర్చుని ఉంది కాబట్టి నోరు మూసుకున్నాను.

తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా ఇదే చెప్పాడు. కారు బాగుందనేవాళ్ళు, ఇదేంది తెల్లగ అనేవాళ్ళు. "ఆమె నేర్చుకునేదాక," అని మా ఆయన నా వైపు చూపించేవాడు. వాళ్ళు అర్థమైనట్టు తలూపేవాళ్ళు. నేను వాళ్ళకే చాయ్ పోసేదాన్ని. ఇంకో మాట కూడా ఉంది. ఫిలిం ఉన్నన్ని రోజులు కారు ఉట్నూర్ పోగూడదట. అడవి రోడ్డు, మలుపులు, ఫిలిం లేచిపోతది. ఫిలిం తియ్యాలంటే నా చెయ్యి కుదరాలి. చెయ్యి కుదరాలంటే కారు నడపాలి. కారు కరీంనగర్‌లో ఉంది, నేను జీపులో ఉన్నాను.

జీపులో అందరికీ కారు సంగతి తెలిసిపోయింది.

"కారు తీస్కున్నరట గదా టీచరమ్మ. ఏడున్నది?" అని అడిగాడు డ్రైవరు.

"కరీంనగర్ల."

"ఖరాబయిందా?"

"లేదు. ఫిలిం ఉన్నది దానికి."

అదేదో పెద్ద రోగం అనుకున్నట్టున్నాడు. నేను బడి దగ్గర దిగేటప్పుడు, "తగ్గుతది తియ్యుండ్రి," అన్నాడు.

ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చేసరికి ఫిలిం పరిస్థితి బాగాలేదు. మా ఇంటికి పడమటి ఎండ. కారు గేటు ముందు రోడ్డు మీదే ఉంటుంది. తెలుపు పోయి పాత దిండు గలేబు రంగు వచ్చింది. అంచులు లేచి, వాటి కిందికి దుమ్ము పోయింది. నడుమంతా రంగుకు కరుచుకుపోయింది. నేను మూల పట్టి లాగితే గోరంత ముక్క చేతికి వచ్చింది, కింద జిగురు మిగిలింది.

"ఇప్పుడైనా తీద్దాం," అన్నాను.

"ఇంత కాలం ఆగినం, ఇంకొన్ని రోజులకేమయితది?" అన్నాడు మా ఆయన.

అప్పుడు అత్తమ్మ బయటికి వచ్చింది. ఆమె చూపు బొట్టు మీద పడింది. చుట్టూ ఫిలిం చిరుగుతోంది, నడుమ స్వస్తిక్ మాత్రం గట్టిగా ఉంది.

"కొడుకా, బొట్టు కారుకు పెట్టినట్టా, కాయితానికి పెట్టినట్టా?"

మా ఆయన లేచిన అంచును చేత్తో అదిమాడు.

"మనిషికి బొట్టు అంగీ మీద పెడ్తమా?" అని అడిగింది. ఆ రోజు నుంచి ఆమె ఆ కారు ఎక్కడం మానేసింది. అయితే తియ్యనివ్వదు కూడా. పంతులు పెట్టిన బొట్టు చింపి చెత్తబండిలో వేస్తారా అని. ఇంట్లో ముగ్గురం, ఫిలిం మీద మూడు మాటలు. కారు మాత్రం ఎండలో ఉంది.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు నేను బట్టలు సర్దుకుని చెప్పాను. "రేపు కారు తీస్కపోత."

"ఫిలిం?"

"ఫిలింతోనే పోత."

ఆయన ఒకసారి బయటికి పోయి కారు చూసి వచ్చాడు. ఆ చింపిరి వేషంతో అది జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం అన్నీ దాటుతుంది. దారి పొడుగునా ఆయన దుకాణంలో సరుకు కొనేవాళ్ళు ఉన్నారు. ఫిలిం తియ్యాలని అప్పటికప్పుడు నిర్ణయం జరిగింది. నేను బకెట్, బట్ట తెచ్చుకుంటే వద్దన్నాడు.

"నువ్వు గీకుతవ్. జర పక్కకుండు."

వేడినీళ్ళు పోశాడు. కిరసనాయిలు రాశాడు. టాపు మీది ఫిలిం సగం వచ్చింది. బానెట్ మీద బొట్టు ఉన్న అరచేతి మేర ముక్క ముట్టుకోవద్దని అత్తమ్మ కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. దాని పక్కన గోరుకు రాని ఫిలింను చూసి మా ఆయనకు పట్టుదల పెరిగింది. గోడలకు లప్పం పూసే ఇనుపరేకు తెచ్చి గీకాడు. రెండు మూడు పెచ్చులు బాగానే లేచాయి. నాలుగోసారి చప్పుడు మారింది.

జానెడు గీత. ఎర్ర రంగు కోసుకుపోయి లోపలి తెల్లదనం కనబడింది. మా ఆయన దాన్ని బొటనవేలితో రుద్దాడు. ఉమ్మి పెట్టి మళ్ళీ రుద్దాడు. "జిగురు అనుకుంట," అన్నాడు. ముగ్గురం ఆ జిగురును చూస్తూ నిలబడ్డాం. నిజం చెప్పాలంటే నా కారుకు గీత పడ్డందుకు నా ప్రాణం ఉసూరుమంది. అది నేను పెట్టింది కానందుకు లోపల సంతోషం కూడా వేసింది. రెండూ ఒక్కసారే అయ్యాయి, దాచుకోవడం కష్టమైంది.

మిగతాది నేనే తీశాను. కొబ్బరినూనె రాసి, నానబెట్టి, బట్టతో. పొద్దుగూకింది గాని ఇంకో గీత పడలేదు. బొట్టు ముక్క మాత్రం అలాగే ఉంచి మర్నాడు అడవి దాటుకుని ఉట్నూర్ పోయాను. ఆ మర్నాడు ప్రార్థనకు ముందే బడిలో ఉన్నాను. పిల్లలు వరుస కట్టి ఉన్నారు, నేను వాళ్ళ ముందు నిలబడి ఉన్నాను. వాళ్ళను చూస్తూ ప్రార్థన పాడటం మరిచిపోయాను. పిల్లలే పాడారు.

దారిలో జీపు ఎదురైతే డ్రైవరు సగం బయటి నుంచే చెయ్యి ఊపేవాడు. రోగం తగ్గినందుకు. వానలు మొదలయ్యాక ఒకరోజు చూస్తే బొట్టు ముక్క లేదు. జైనూర్ రోడ్డులో ఎక్కడో ఎవరూ గీకకుండానే ఊడిపోయింది. ఫోన్‌లో చెబితే అత్తమ్మ, "దేవుడే తీస్కున్నడు తియ్," అంది. ఆమె గొంతులో బరువు దిగినట్టు అనిపించింది.

దసరాకు కారు కడిగి ఇంటి ముందు పెట్టాం. ఈసారి బొట్టు తానే పెడతానని అత్తమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పండుగకు వచ్చిన మా పెద్దాడబిడ్డ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ దగ్గర ఆగి, గీత మీద వేలు పెట్టింది. నా వైపు చూసి నవ్వింది.

"పోనీ తియ్, నేర్చుకునేటప్పుడు పడ్తయ్."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెప్పాలి. ఆయన మామిడాకుల తోరణాన్ని సరిచేస్తున్నాడు. అది అప్పటికే సరిగ్గా ఉంది. ఇంతకాలం ఫిలిం గురించి ఊరందరికీ చెప్పిన నోటికి ఒక్క మాట రాలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే.

అత్తమ్మ వంగి రంగు మీదే, గీతకు పక్కన, బొట్టు పెట్టింది. వేలు కొంగుకు తుడుచుకుంది.

"గా గీత నా కొడుకు పెట్టిండు బిడ్డా. నా కోడలు పెట్టలే. నేను ఈడనే కూసున్న," అంది కూతురితో.

తర్వాత వెనక డోరు తీసుకుని కార్లో కూర్చుంది. జమ్మి దగ్గరికి నన్ను తీసుకుపొమ్మంది. మా ఆయనను పిలవలేదు.

సెలవులు అయిపోయి నేను బయల్దేరే పొద్దున ఆయన కారు దగ్గరికి వచ్చాడు. గీత మీద చెయ్యి పెట్టాడు.

"దీనికి రంగు ఏపియ్యనా? ఒక్క రోజు పని."

"ఉండనియ్యుండ్రి," అన్నాను. "మీ చెయ్యి కుదిరేదాక."

ఆయన జేబులోంచి రెండో తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇంకా కవర్లోనే ఉంది. ఆయన ముందే కవరు చింపాను.