ఈ ఏడు నేను చావనన్నాను

మా ఫ్యాక్టరీలో ఏటా సేఫ్టీ వారోత్సవాలప్పుడు నేను చస్తాను. ఒక ఏడు క్రేన్ కింద, ఒక ఏడు కరెంటు పట్టి, ఇంకో ఏడు గ్యాస్ పీల్చి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న షెడ్లన్నీ గాలించినా నా అంత అనుభవమున్న శవం దొరకదు. హెల్మెట్ పెట్టుకోని కార్మికుడిగా స్టేజీ ఎక్కుతాను. పైనుంచి అట్టపెట్టె పడుతుంది. నేను కూలిపోతాను. ప్యాకింగ్ సెక్షన్ తమ్ముడు చీర కట్టుకొచ్చి, భార్యనంటూ నా మీద పడి ఏడుస్తాడు. ఇదీ నాటిక. వాడి మీసం కొంగు దాటుకొచ్చి నా చెంపలో గునపంలా దిగేది. చచ్చినవాణ్ణి కనుక గోక్కునే హక్కు నాకు లేదు.

ఇలా చస్తూ బతుకుతున్న రోజుల్లో ఆమె నా ఫోన్లోకి వచ్చింది. సంగారెడ్డి మనిషి. కాలేజీల్లో, ఫంక్షన్లలో చిన్న చిన్న హాస్య నాటికలు వేస్తుంది. పాత్రలన్నీ తనే. వాటినే ఫోన్లో తీసి పెడుతుంది. బస్సు నాటిక చూడాలి మీరు. చేతిలో ఉన్నది ఒక్క తువ్వాల. నెత్తిన వేసుకుంటే కోళ్ల గంప ముసలమ్మ. భుజాన వేసుకుంటే చిల్లర లేదని అలిగిన కండక్టర్. మెడకు చుట్టుకుంటే, సీటు ఆపుకోవడానికి దాన్నే కిటికీలోంచి లోపలికి విసిరే పహిల్వాన్. చివరికి సీట్లో పడ్డ తువ్వాలకీ ముసలమ్మకీ తగాదా పెడుతుంది. తువ్వాలే గెలుస్తుంది. అది చూసి కంపెనీ బస్సులో నేను నవ్విన నవ్వుకు, ఇంజన్లో ఏదో విరిగిందనుకొని డ్రైవర్ బీరంగూడ కమాన్ తోరణం దగ్గర బండి ఆపి దిగాడు.

ఇంట్లోనూ అదే గోల. "ఆమెను సూసి నవ్వినంత నా ముచ్చటకు ఎన్నడన్న నవ్విన్రా?" అని అడిగింది మా ఆవిడ. ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఆ సాయంత్రం పప్పు మాడింది. ఆ తర్వాత ఆ ప్రశ్న మా ఇంట్లో మళ్లీ పుట్టలేదు.

ఎవరు అలిగినా సరే, ఒక మాట గట్టిగా అంటాను. గొంతులు మార్చేవాళ్లు గల్లీకొకరుంటారు. ఆమె అది కాదు. ఎవరి వేషం వేస్తే వాళ్ల పక్కన నిలబడుతుంది. ఆమె పహిల్వాన్‌కు మోకాళ్ల నొప్పులుంటాయి. అందుకే వాడికి ఆ సీటు కావాలి.

నేను సేఫ్టీ కమిటీలో ఉన్నాను కనుక, పోయిన ఏడు మీటింగులో అన్నాను, ఈసారి ఆమెను పిలుద్దామని.

సేఫ్టీ ఆఫీసర్ సార్ చాయ్ కప్పు కింద పెట్టారు. "లేడీ ఏం కామెడీ చేస్తది? మన నాటికల లేడీ పని ఏడుసుడే గద."

"ఆ పని మీసాలోడు చేస్తలేడా సార్? మగోడు చీర కడితె చప్పట్లు. ఆడామె నవ్విస్తె తప్పా?"

"పైనుంచి పెద్ద సార్లు వస్తున్నరు. ఇజ్జత్ పోతె ఎవరిది జిమ్మేదారి?"

"నాది. ఆమె స్టేజీ ఎక్కకుంటె మాత్రం ఈ ఏడు నేను చావ."

"ఇంకొకణ్ణి చంపుకుంటం తీయి" అన్నారాయన.

చంపుకోలేకపోయారు. రిహార్సల్లో మెయింటెనెన్సు ఆయన పడే ముందు కర్చీఫుతో నేల తుడుచుకున్నాడు. వెల్డర్ తమ్ముడు చేతులు జోడించాడు. "పెండ్లి సంబంధాలు సూస్తున్నరు సార్. సచ్చిండని తెలిస్తె మా అమ్మ ఊకోదు." శవాల కరువొచ్చింది. ఆఖరికి ఆఫీసర్ సార్ దిగొచ్చారు, ఒక షరతు మీద. ఆమె భార్య వేషమే వెయ్యాలి, ఏడవాలి.

ఆమెకు ఫోన్లో సంగతి చెప్పాను.

"ఏడుస్త తీయి అన్న. గని పొద్దుగాలనే వస్త. జెర మీ షెడ్డు తిరిగి సూడనియ్యిన్రి."

వచ్చింది. హెల్మెట్ ఇచ్చాం. చేతులు వెనక్కి కట్టుకొని షెడ్డంతా తిరిగింది. క్యాంటీన్లో చాయ్ తాగింది. ఎవరినీ ఏమీ అడగలేదు. నాకు మాత్రం బీపీ, అక్కడున్న బాయిలర్‌ను మించిపోయింది. ఆమె ఒట్టి ఏడుపు ఏడ్చి వెళ్లిపోతే, ఇక ఈ జన్మలో నా మాటకు కమిటీలో విలువ ఉండదు. ఆమెకు మా దగ్గర స్టేజీ ఉండదు.

మధ్యాహ్నం చచ్చాను. బల్ల మీద పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. పలచటి గుడ్డ కనుక అంతా కనిపిస్తూనే ఉంది. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకొని వచ్చి రాగం తీసింది. ముందు వరసలో ఆఫీసర్ సార్ తృప్తిగా వెనక్కి వాలారు.

రాగం మధ్యలో తెగింది. ఆమె నా మొహం మీది గుడ్డ కొంచెం ఎత్తింది. "ఏమయ్యా, పొద్దుగాల హెల్మెట్ ఏడ వెట్టినవ్?"

లేచి నిలబడింది. పొట్ట ముందుకొచ్చింది. హెల్మెట్ వేలికి తగిలించుకొని, టమాటల సంచిలా ఊపుకుంటూ నడిచింది. "గాలి ఆడుతలేదు భాయ్, బట్టతలకు చెమట." అది నేనే. హాలంతా విరగబడి నవ్వింది. నడుములో దోపుకొచ్చిన తువ్వాల భుజాన పడగానే కాంట్రాక్టర్ వచ్చి శవాన్ని కాలితో కదిపాడు. "అరె, టార్గెట్ పూరా కర్‌కే మర్నా థా నా భాయ్." టార్గెట్ ముగించాక చావాల్సిందట. తువ్వాల మెడలోకి వెళ్లగానే ఆఫీసర్ సార్ వచ్చారు. ఒక చెవికి ఫోన్, రెండో చేతి వేలు ఆకాశానికి. సేఫ్టీ గురించి చెప్తూ చెప్తూ వెనక్కి నడిచి ఫోర్క్‌లిఫ్ట్‌కు అడ్డంపడ్డారు. ఆ ఫోర్క్‌లిఫ్ట్ కూడా ఆమే. పెద్ద సార్లు కళ్లద్దాలు తీసి, నవ్వి నవ్వి నీళ్లొచ్చిన కళ్లు తుడుచుకున్నారు.

నా కింద బల్ల కిర్రుకిర్రుమంది. గుడ్డ జారింది. వృత్తిలో మొదటిసారి శవం నవ్వింది.

"సార్, సచ్చిన మనిషి నవ్వుతుండు" అంది ఆమె ముందు వరసతో. "గిది డ్యూటీ కింద రాసుకుంటరా?"

తర్వాత నా పక్కన కూర్చుంది. హెల్మెట్ నా తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది. ఏడవలేదు. ఆ పట్టీ టక్కుమన్న చప్పుడు చివరి వరసకు కూడా వినిపించింది.

పెద్ద సార్లు వెళ్లాక ఆఫీసర్ సార్ నన్ను పక్కకు పిలిచారు. "వచ్చే ఏడు మన ప్యాకింగ్ పోరడే. ఆడమనిషి గంత బరితెగించి చేస్తె మంచిగుంటదా?"

"మంచిగుంది గనకనే మీకు మండింది సార్."

మర్నాడే నన్ను కమిటీలోంచి తీసేశారు. తీసెయ్యండి, కమిటీ బిస్కెట్లు ఎప్పుడూ మెత్తబడే ఉండేవి. ప్యాకింగ్ తమ్ముడు మాత్రం క్యాంటీన్లో అందరి ముందూ అనేశాడు. "నేను చీర కట్ట సార్. ఆమెను సూసినంక నా ఏడుపుకు నాకే నవ్వొస్తంది."

ఇప్పుడు మళ్లీ వారోత్సవాలొస్తున్నాయి. చీర ఆఫీసు బీరువాలో మడతపెట్టే ఉంది. ఈసారీ చావనని నేను ముందే చెప్పేశాను. నిన్న ఆఫీసర్ సార్ నుంచి కబురొచ్చింది. ఏమైనా మనసు మార్చుకున్నానా అని.

"ఫోన్ ముందుగాల ఆమెకు చెయ్యమను" అన్నాను కబురు తెచ్చినతనితో. "నచ్చిన వేషం వేసుకోమని చెప్పమను. ఆమె వస్తనంటె, అప్పుడు సూస్త, చావాల్నా వద్దా అని."