మలుగుచేప కథకు చివరి బొమ్మ

మంచు మాటెత్తితే రోసెలిన్ పంతులమ్మకు ఒళ్ళు మండేది. మండదా మరి! పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారైనా కళ్ళచూడని మంచు గురించి, అంబాయె దీవిలో, ఉడికిపోయే రేకుల బడిలో కూర్చుని ఏళ్ల తరబడి పిల్లలకు వివరించీ వివరించీ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. బడిలోని బొమ్మల పుస్తకాలన్నీ ఆస్ట్రేలియా నుంచి ఎవరో పుణ్యాత్ములు పెట్టెల్లో పంపినవి. వాటి నిండా ఎలుగుబంట్లూ, ఉన్ని టోపీలూ, మంచుబొమ్మలే. దానమిచ్చిన ఆవుకు పళ్ళెంచకూడదని ఆమె చాలాకాలం నోరు మూసుకుంది.

పోనీ, సొంతంగా కథ రాసి బొమ్మలు వేయండర్రా అంటే పిల్లలూ అవే వేసేవారు.

"ఒరేయ్, మీ ఇంటి వెనక ఏముందిరా?"

"మంచు, మిస్."

"నీ మొహం! అగ్నికొండ పెట్టుకుని మంచంటావేంట్రా?"

వాడు కిటికీలోంచి కొండను చూసి, "అది పుస్తకాల్లో లేదుగా మిస్," అన్నాడు.

సరిగ్గా అప్పుడే రాజధాని పోర్ట్ విలాలోని విద్యాశాఖ నుంచి కబురొచ్చింది. పిల్లలు తమ భాషలో రాసి, బొమ్మలు వేసిన పుస్తకం పంపితే, నచ్చినదాన్ని ఒకటో తరగతి కోసం అచ్చు వేస్తారట. రోసెలిన్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పుస్తకం, ఒకే ఒక్కటి, మంచు లేనిది వస్తే చాలనుకుంది. కొండ మీది సరస్సులోంచి పాములాంటి మలుగుచేప దిగివచ్చి ఊరికి నీటి ఊట తెచ్చిన కథను ఎంచుకుంది.

అయితే ఆ దీవిలో నేలకున్నట్టే కథకూ సొంతదారులుంటారు. మలుగు కథ ఆమె భర్త మేనమామ తరివుటి వంశానిది. ఎర్రచాప ఒకటి కానుకగా పట్టుకుని, పెండలం తురిమి ఆకుల్లో ఉడికించిన లాప్‌లాప్ మోసుకుని ఆమె ఆయన వాకిట్లో కూర్చుంది. ముసలాయన ఉత్సాహంగా చెప్పాడు. మలుగును కొండ దించాడు, వాగు దాటించాడు, అక్కడ ఆపేశాడు.

"తర్వాత ఎక్కడ ఆగింది మావయ్యా?"

"ఆగిందిలే అమ్మాయ్, ఎక్కడో."

"ఎక్కడో అంటే?"

"ఏ రాయి దగ్గర ఆగిందో అక్కణ్ణుంచే మా నేల. రేపెవడైనా వచ్చి ఈ నేల నాదంటే నాకు ఆ రాయే సాక్షి, అదేదో మా వాళ్ళకు తప్ప తెలీదు. దాన్ని బొమ్మేసి అచ్చుకిస్తే ఇంకేముంది నా దగ్గర, నా బోడిగుండు తప్ప?"

"చిన్నపిల్లలు మావయ్యా! తోక తెగిన కథ వాళ్ళకెట్లా ఇవ్వను?"

"ముందు కొండ దిగనివ్వవే. తోక సంగతి వాళ్ళ తాతలు చూసుకుంటారు."

బతిమాలింది, అలిగింది, దెప్పింది. గోడకు చెప్పుకున్నా బాగుండేది. చివరికి కోపం దిగమింగుకుని, ఆఖరి పుట ఖాళీగానే ఉంచుదామని పిల్లలకు చెప్పింది. ఎవరి ముగింపును వాళ్ళు ఇంట్లో అడిగి తెలుసుకుంటారులే అని సర్దుకుంది.

కానీ ఆ బడిలో ఖాళీ పుట ఇచ్చినవాళ్ళకు ఆటల గంట లేదన్న నియమం పెట్టింది ఎవరు? ఈ మహాతల్లే.

సరుకుల ఓడ అనుకున్నదానికంటే ముందే వచ్చి కూత వేసింది. రోసెలిన్ చేతుల నిండా పెండలం తురుము. కథను శుభ్రంగా తిరగరాసిన జెస్లిన్ అనే పిల్లను కేకేసి, "పుస్తకం చుట్టి ఓడలో ఇచ్చిరా, పరిగెత్తు!" అంది. విప్పి చూసుకోలేదు.

నెలలు గడిచాక అచ్చుపుస్తకాల పెట్టె దిగింది. రోసెలిన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని విప్పింది. కొండ ఉంది, వాగు ఉంది, తమ భాష ఉంది. కళ్ళు చెమర్చాయి. ఆఖరి పుట తిప్పింది. అక్కడో బొమ్మ, దాని కింద రాత:

'మలుగుకు చలి వేసింది. మంచు కురిసింది. మలుగు ఉన్ని టోపీ పెట్టుకుని పడుకుంది.'

చివరి పుటలోని ఊహ తమకెంతో నచ్చిందని అధికారుల చీటీ ఒకటి.

"ఎవరు వెయ్యమన్నారే నిన్ను?" అని జెస్లిన్ మీద అరిచింది.

పిల్ల బిక్కచచ్చిపోయింది. "ఖాళీ పుట ఇస్తే ఆటల్లేవన్నారుగా మిస్. ఈ పుస్తకంలో ఖాళీగానే ఉంచమని మీరు చెప్పారు, కానీ... నాకు భయమేసింది."

తరివుటి అయితే పగలబడి నవ్వి, దగ్గొచ్చి, మళ్ళీ నవ్వాడు. "భేషైన ముగింపే అమ్మాయ్! ఇక మా రాయిని వెతుక్కుంటూ ఏ వెధవా రాడు!"

ఆ మాటకు రోసెలిన్‌కు ఏడుపొచ్చింది, ఆయన చేతికర్ర విరిచెయ్యాలనీ అనిపించింది.

సోమవారం ఒకటో తరగతిలో ఆ పుస్తకమే చదివింది. చంటివాళ్ళు తమ ఊరి మాటలు పుస్తకంలో విని కేరింతలు కొట్టారు. వాగు బొమ్మ చూసి ఇది మాదంటే మాదని తోసుకున్నారు. ఆఖరి పుట దగ్గర ముందు వరుసలోని బుడతది చెయ్యెత్తింది.

"మిస్, మంచంటే ఏంటి?"

రోసెలిన్ కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచింది.

"చల్లగా ఉంటుంది తల్లీ," అంది. "తెల్లగా ఉంటుంది."