మేమూ అదే అనేవాళ్ళం

ఒట్టావాలో చదువుకునే రోజుల్లో, ఊరి శివారులోని కనాటాకు వెళ్ళే బస్సులో ఉండగా అందరి ఫోన్లూ ఒక్కసారిగా సైరన్‌లా మోగాయి. కెనడా ప్రభుత్వం చేసే ఎమర్జెన్సీ అలర్ట్ టెస్ట్ అది. పక్కసీట్లోని ముసలావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"టెస్టేనండీ, భయం లేదు," అన్నాను. ఆమె వదల్లేదు.

"నీది ఏ దేశం?"

"ఇండియా."

"ఉక్రెయిన్ యుద్ధంలో మీరెటు?"

"ఎవరి పక్షమూ కాదండీ."

"చిన్నప్పుడు అమెరికాలో మేమూ అదే అనేవాళ్ళం. ఒక ఆదివారం మా నౌకాస్థావరం మీద జపాన్ బాంబులేసిందని రేడియోలో చెప్పారు. వారం తిరక్కుండా అన్నయ్య సైన్యంలో చేరాడు. రాత్రుళ్ళు వెలుగు బయటికి కనబడకుండా కిటికీలకు నల్లగుడ్డలు కట్టాం. అంతవరకూ ఇంటిపట్టునే ఉన్న అమ్మ ప్యాంటు వేసుకుని తూటాల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. సైరన్ మోగితే నేను బల్ల కింద దూరేదాన్ని."

అమెరికా అంటే ఎక్కడికో వెళ్ళి యుద్ధాలు చేసే దేశమనే నాకు తెలుసు. బల్ల కింద దాక్కున్న పిల్లలు అక్కడా ఉన్నారని ఎప్పుడూ అనుకోలేదు.

"మీ అన్నయ్య తిరిగొచ్చాడా?" అని అడిగేసి, వెంటనే నాలుక కరుచుకున్నాను.

"లేదు. కబురొచ్చిన మర్నాడు కూడా అమ్మ పనికి బయల్దేరింది. వెళ్ళొద్దని కాళ్ళు పట్టుకుని ఏడ్చాను. 'మిగతావాళ్ళ పిల్లలు ఇంకా యుద్ధంలోనే ఉన్నారు కదమ్మా' అంది."