రామచంద్రం మొదటి ప్రశ్న

రామచంద్రం ఏ బడి గడప తొక్కినా మొట్టమొదట అడిగేది ఒక్కటే: "బాత్రూం ఎక్కడ?" తనకు అవసరమై కాదు, చూడడానికి. ప్యాంటు పైకి మడిచి లోపలికి వెళ్తాడు. గడియ వేసి తీస్తాడు, నల్లా విప్పుతాడు, వాసన పీలుస్తాడు. పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు కూడా అంత తీరిగ్గా చూడరు.

కొత్తపేటలో ఆయన ఇంటి పై వాటాలో అద్దెకుంటున్న ఉదయలక్ష్మికి ఈ తనిఖీలతో తల కొట్టేసినట్టయ్యేది. ఆవిడ కష్టం ఆవిడది. ఏడేళ్ళ కూతురు అమల నెల రోజులుగా బడికి వెళ్ళనని మంచం కిందికి దూరుతోంది. ఎందుకంటే చెప్పదు. ఇంట్లో కూర్చోబెట్టి చదివిద్దామంటే ఉదయలక్ష్మిది బ్యాంకు ఉద్యోగం, భర్త ఉపేంద్రది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఆ పాత బడికి పంపడానికి మనసొప్పడం లేదు. ఈ రెంటికీ మధ్య పదిమందిలోపు పిల్లలతో నడిచే చిన్న బడులున్నాయని విని, పెట్టిన సెలవు ఆదివారంతో అయిపోయేలోగా ఏదో ఒకటి చూసుకోవాలని బయల్దేరింది.

"గల్లీలన్ని నాకెరుకనే బిడ్డా, నేనొస్తా," అని రామచంద్రం తన పాత వ్యాను తీశాడు. కాదనలేకపోయింది.

ముందు, దగ్గరే కదా అని, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పెద్ద ప్రైవేటు బడి. రిసెప్షన్లో జలపాతం ఉంది, ఆటస్థలం లేదు. ఒకటో తరగతి నుంచే ఐఐటీకి పునాది వేస్తారట. ఆ పునాదిలో పూడ్చేది పిల్లల్నే అన్న సంగతి మాత్రం బ్రోచరులో రాయలేదు.

"పాపని ఏం చేద్దామనుకుంటున్నారు సార్?" అంది కోటు తొడుక్కున్న అమ్మాయి.

"అది తర్వాత. బాత్రూం చూపియ్యి."

"విజిటర్స్‌కి అటువైపండీ."

"నాకొద్దు. పిల్లగాండ్లది చూపియ్యి."

పిల్లలదానికి తాళం వేసి ఉంది. "ఇంటర్వెల్లో తీస్తాం సార్. డిసిప్లిన్."

"మరి నీకు గూడ ఇంటర్వెల్‌లనే ఒస్తదా బిడ్డా?"

ఉదయలక్ష్మి జలపాతం వెనక్కి తప్పుకుంది.

తర్వాత నాగోల్‌లో, ఒక అపార్టుమెంటు అయిదో అంతస్తులో చిన్న బడి. చేనేత చీర కట్టుకున్నావిడ కళ్ళు అరమోడ్చి, "మేం ఏమీ నేర్పమండీ. పిల్లలే వికసిస్తారు," అంది. ఎనిమిదిమంది తలుపులన్నీ మూసిన ఏసీ గదిలో వికసిస్తున్నారు. పనిమనిషి కూతురు వంటింటి గుమ్మంలో కూర్చుని అంతా వింటోంది. ఆ పిల్ల వికసించడం ఎవరికీ పట్టలేదు. బాత్రూం నిండా చెక్కబొమ్మల పెట్టెలు.

"మరి పిల్లలెక్కడికి పోతరమ్మా?"

"పక్క ఫ్లాటుకి. కమ్యూనిటీ లివింగ్ అంకుల్."

"పక్క ఫ్లాటోళ్ళు తాళమేసి ఊరికి పోతే?"

"మీరు చాలా నెగెటివ్‌గా ఉన్నారు," అందావిడ, తలుపు తీస్తూ.

మూడోది నాదర్‌గుల్‌లో, తోటలో. గడ్డం పెంచిన గురువుగారు మౌనం గొప్పతనం వివరిస్తుంటే, పక్క మైదానంలో విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు పది నిమిషాలకోసారి ఆయన నెత్తి మీదుగా పోతున్నారు. రామచంద్రం మామూలు ప్రశ్న వేశాడు. గురువుగారు పొదల వైపు చేతులు చాచి, "ప్రకృతి అంతా మనదే కదా!" అన్నాడు.

"మా ఊళ్ళె గట్ల పోతే సర్పంచి జుర్మానా ఏసిండు. నువ్వు దానికి ఫీజెట్ల తీస్కుంటున్నవయ్యా?"

ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఉదయలక్ష్మి ఇక ఆగలేకపోయింది. "బాబాయిగారూ, నేను వెతుకుతున్నది పిల్లకి బడండీ, మరుగుదొడ్డి కాదు! ఎల్లుండి సోమవారం. మీ పుణ్యమా అని మళ్ళీ ఆ పాత బడే గతయ్యేట్టుంది. ఇక మీరు రాకండి."

"మంచిది బిడ్డా," అని రామచంద్రం గేరు మార్చాడు.

ఆదివారం పొద్దున ఉదయలక్ష్మి ఏడుపు దిగమింగుకుంటూ యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటే కింది నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి. రామచంద్రం భార్య మణెమ్మ పైకొచ్చి గుమ్మంలో చతికిలబడింది.

"ఆ ఇస్త్రీ పెట్టె బంద్ చెయ్యి ఉదయమ్మా. నీ బిడ్డ బడికి ఎందుకు పోతలేదో ఎరుకేనా? క్లాసుల మూడుసార్లు అడిగిందట, టీచరు పంపలే. పోరి లంగ తడుపుకున్నది. గంట కొట్టేదాంక గట్లనే నిలబెట్టిన్రు. అందరు నవ్విన్రట. అప్పటిసంది పొద్దుగాల నీళ్ళు గూడ తాగుతలేదు."

ఉదయలక్ష్మి ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పీకింది. "నాకెందుకు చెప్పలేదు?"

"'అమ్మ ఏడుస్తుంది, చెప్పద్దు తాతయ్యా' అన్నదట. ఈయన మాటిచ్చిండు. నేనియ్యలే, అందుకే చెప్తున్న. ఏడన్న మంచిగుంటె గాడికే పంపుదమని మీ ఎంట తిరిగిండు. ఏడ లేకుంటె బడి ఇంట్లనే పెడ్దమని కింద మా పక్క వాటా ఎవ్వలకియ్యకుండ ఖాళీగ ఉంచిండు. సర్కారు బడిల రిటైరైన అండాలమ్మ టీచరు చెప్తనన్నది. గల్లీల అయిదుగురు పిల్లలు తయారున్నరు."

ఉదయలక్ష్మి చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరుగెత్తింది. రామచంద్రం బాత్రూం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అమలను తలుపుకు ఆనించి నిలబెట్టి, దాని చెయ్యి అందేంత ఎత్తులో గడియ బిగిస్తున్నాడు.

"బాబాయిగారూ..." అంది.

"జర ఆ స్క్రూ అందియ్యి బిడ్డా," అన్నాడాయన.

సోమవారం బడి మొదలైంది. మొదటి అరగంటలో ఆరుగురు పిల్లలూ కలిసి పదకొండుసార్లు చెయ్యెత్తి లేచి వెళ్ళారు. ఎవరికీ అవసరం లేదు, నిజంగానే వెళ్ళనిస్తారో లేదో చూద్దామని. అండాలమ్మ ఒక్కరినీ ఆపలేదు. పన్నెండోసారి పుస్తకం మూసి తనే లేచింది.

"ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పిన, పిల్లలూ. క్లాసు నడుమ నేను పోతా అంటే పోనిచ్చిన బడి ఇదే. లొల్లి చెయ్యకుండ్రి, ఇప్పుడే ఒస్తా."